ముందు నువ్వెక్కడ కూర్చున్నావో చెప్పరా

ఒరే చిన్నా,

మొన్న ఫోన్లో అరగంట సేపు ఊగిపోయావు. ఆ ముసలి బ్యాండ్ పని అయిపోయిందని నువ్వూ, జన్మలో ఇలాంటి షో చూడలేదని నీ స్నేహితుడూ, ఇద్దరూ ఒకే రాత్రి ఒకే స్టేడియంలో ఉండి వచ్చి చివరికి మాట్లాడుకోవడం మానేసే దాకా వెళ్లారట. అప్పుడే ఒక ప్రశ్న అడుగుదామనుకున్నాను గానీ నువ్వు సందివ్వలేదు, అందుకే ఇలా రాస్తున్నా. నువ్వెక్కడ కూర్చున్నావు? వాడెక్కడ?

కుర్రతనంలో కొన్నాళ్లు సౌండ్ వాళ్ల వెనకాల కేబుళ్లు మోశాను, ఆ తర్వాత ముప్ఫై ఏళ్లుగా టికెట్ కొనుక్కునే చూస్తున్నాను. ఇన్నేళ్లలో నాకు అర్థమైందేమిటంటే, అభిమానులు బ్యాండ్ గురించి కొట్టుకుంటున్నామనుకుంటారు గానీ సగం గొడవలు సీటు గురించే.

స్టేడియంలో వెనక స్టాండ్లో కూర్చుని స్టేజీ మీద డ్రమ్మర్ చేతిని చూడు. కర్ర కిందికి దిగుతుంది, దెబ్బ చప్పుడు మాత్రం ఆ చేయి మళ్లీ పైకి లేచాక నీ చెవిలో పడుతుంది. ధ్వని సెకనుకి దాదాపు 340 మీటర్లే వెళ్తుంది కాబట్టి 100 మీటర్ల దూరానికి సెకనులో మూడో వంతుకి దగ్గరగా ఆలస్యం. అందుకే మైదానం మధ్యలో స్పీకర్ల టవర్లు పెట్టి, వాటిలోకి వెళ్లే శబ్దాన్ని కావాలనే ఆ మేరకు ఆలస్యం చేస్తారు, ముందు నుంచి వచ్చేదీ టవర్ నుంచి వచ్చేదీ కలిసి చేరాలని. అది కుదిరిన చోట పాట ఒక్కటిగా వినిపిస్తుంది, కుదరని మూలలో ఒకే లైను రెండుసార్లు వినిపిస్తుంది, పాపం గాయకుడు తాళం తప్పాడనుకుంటాం. పైన కప్పు అంచు కింద కూర్చున్నావా, ఇక బేస్ అంతా కాంక్రీటుకి కొట్టుకుని ముద్దగా తయారవుతుంది. దీనికి తోడు ఆరుబయట గాలి తిరిగితే గొంతు వచ్చి పోతూ ఉంటుంది.

నేనూ ఈ తప్పు చేసినవాణ్ణే. ఒక పెద్ద ఇండోర్ హాల్లో స్టేజీకి బాగా పక్కన పై వరసలో కూర్చుని, గిటార్ ముక్క కూడా వినపడలేదని ఆ గిటారిస్టుని ఏడాది పాటు కనపడిన వాళ్లందరి దగ్గరా తిట్టాను. మరుసటి ఏడు అదే మనిషిని, సౌండ్ మనిషి కూర్చుని శబ్దం సర్దే సౌండ్ డెస్క్ పక్కన నిలబడి విన్నాను. తీగ మీద వేలు జారిన చప్పుడుతో సహా వినిపించింది. ఎవరెవరి దగ్గర తిట్టానో వాళ్లకి వెళ్లి చెప్పే మొహం లేక ఊరుకున్నా.

పేరున్న హాల్ కదా అని నమ్మకు. లండన్‌లో రాయల్ ఆల్బర్ట్ హాల్ 1871లో తెరిచారు, ప్రతిధ్వని ఎంత ఘోరంగా ఉండేదంటే తన సంగీతం రెండుసార్లు వినాలనుకునే బ్రిటిష్ స్వరకర్తకి అంతకన్నా మంచి చోటు లేదని జోకులు వేసుకునేవాళ్లు. దాదాపు వందేళ్లు అలాగే భరించి, 1969లో పైకప్పు నుంచి పుట్టగొడుగుల్లాంటి డిస్కులు వేలాడదీశాకే కాస్త దారికొచ్చింది. 1965లో బీటిల్స్ న్యూయార్క్ షే స్టేడియంలో దాదాపు 55 వేల మంది ముందు వాయిస్తే ఆ అరుపుల్లో వాళ్ల పాట వాళ్లకే వినపడలేదు, ఆ మరుసటి ఏడాదే టూర్లు మానేశారు. మరి అది చెడ్డ షోనా, గొప్ప షోనా? అక్కడున్నవాళ్లని అడిగితే ఎవరి సమాధానం వాళ్లది.

అలాగని బ్యాండ్‌కి వయసు రాలేదని నేననను. వస్తుంది, దాన్ని చూడటం నేర్చుకోవాలి. మొదటి రెండు పాటల మీద తీర్పు చెప్పకు, జనం నిండిన హాల్ ఖాళీ హాల్‌లా వినిపించదు, సౌండ్ మనిషి అప్పుడింకా సర్దుకుంటూ ఉంటాడు. అయిదో పాట దగ్గర్నుంచి చెవి పెట్టు. పై స్వరాలు అందడానికి శ్రుతి అర మెట్టు దించారా? అమెరికా రాక్ బ్యాండ్ మెటాలికా వాళ్లు 1990ల మధ్య నుంచీ స్టేజీ మీద అర మెట్టు కిందే వాయిస్తున్నారు, లక్షల మంది హాయిగా వింటున్నారు, అది నేరమేమీ కాదు. పై స్థాయి లైను వచ్చేసరికి మైకు జనం వైపు తిప్పుతాడు, వెనక పాడేవాళ్లు ఆ ముక్క అందుకుంటారు, రెండు భారీ పాటల మధ్య గిటార్ సోలో సాగుతుంది, ఆ రెండు నిమిషాల్లో గాయకుడు వెనక్కెళ్లి ఊపిరి తీసుకుని నీళ్లు తాగి వస్తాడు. నాకైతే ఇదంతా చూడటమే ముచ్చట. అన్నిటికన్నా వేగం చూసుకో. శ్రుతి దించినా పాట నిలబడుతుంది, డ్రమ్స్ ఈడ్చుకుంటూ వస్తే మాత్రం ఎవరూ నిలబెట్టలేరు. ఇక మూతి మైకు నుంచి పక్కకి తప్పినా గొంతు అంతే నిండుగా వస్తోందనుకో, అంటే ముందే రికార్డు చేసింది వేస్తున్నారన్నమాట, అప్పుడు పోట్లాడు, నేనూ నీ పక్కనే ఉంటా.

పాత సభ్యుడు లేకపోతే అది ఆ బ్యాండే కాదన్నావు చూడు, అది వేరే గొడవ, సౌండ్ గొడవలో కలపకు. చార్లీ వాట్స్ 1963 నుంచి రోలింగ్ స్టోన్స్ బ్యాండ్ డ్రమ్మర్, 2021లో పోయాడు, ఆయన చోట స్టీవ్ జోర్డన్ కూర్చున్నాడు. బాగా వాయిస్తాడా అంటే బాగా వాయిస్తాడు. చార్లీలా ఉందా అంటే లేదు. రెండూ నిజమే, నువ్వు దేని గురించి మాట్లాడుతున్నావో ముందే చెప్పేస్తే అవతలివాడికి బీపీ రాదు.

ఫోన్ వీడియో సాక్ష్యంగా తేవద్దు. అంత పెద్ద శబ్దానికి ఆ చిన్న మైకు ఉక్కిరిబిక్కిరై అంతా ఒకే మట్టానికి నొక్కేస్తుంది, పైగా పక్కన పాడేవాడి గొంతే ఎక్కువ పడుతుంది. లైవ్ ఆల్బమ్‌తోనూ పోల్చకు. డీప్ పర్పుల్ బ్యాండ్ లైవ్ ఆల్బమ్ ‘మేడ్ ఇన్ జపాన్’ అంటే 1972 ఆగస్టులో వరసగా మూడు రాత్రుల షోలు రికార్డు చేసి ఏరుకున్న పాటలు. నువ్వు చూసింది ఒక్క రాత్రి.

ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోమంటే నవ్వుతావు. 100 డెసిబెల్స్ దగ్గర చెవికి క్షేమమైన సమయం పావుగంటే, షో రెండు గంటలు. 2016లో ఏసీ/డీసీ అనే రాక్ బ్యాండ్ గాయకుడు బ్రయన్ జాన్సన్ చెవుల కోసమే డాక్టర్లు చెప్తే టూర్ మధ్యలో ఆగిపోయాడు, మిగతా షోలు గన్స్ అండ్ రోజెస్ బ్యాండ్ గాయకుడు యాక్సల్ రోజ్ పాడాడు. సంగీతానికని అమ్మే ప్లగ్స్ ఉంటాయి, అవి పాటని మూసెయ్యవు, చప్పుడు తగ్గిస్తాయి అంతే. చాలాసార్లు వాటితోనే మాటలు ఇంకా బాగా తెలుస్తాయి.

చోటు సంగతికొస్తే, నా మటుకు వయసైన బ్యాండ్‌ని పది వేల మంది పట్టే చోట చూడటమే ఇష్టం, స్టేడియంలో చూసేది తెరనే. కానీ స్టేజీని మైదానం మధ్యలో పెట్టే టూర్లు వేరు. 2023లో మెటాలికా మొదలుపెట్టిన టూర్లో స్టేజీ ఉంగరంలా ఉంటుంది, నాలుగు చోట్ల డ్రమ్స్, డ్రమ్మర్ షో మధ్యలో చోటు మారుతుంటాడు. ఏ సీటు కొన్నా కాసేపు వాళ్ల వీపే కనిపిస్తుంది, ఆ తర్వాత మన వంతు వస్తుంది.

ఇదే టూర్ మళ్లీ దగ్గర్లో ఉందన్నావుగా. సీట్ల మ్యాప్‌లో స్టేజీకి ఎదురుగా కాస్త దూరంలో చిన్న పెట్టె గీసి ఉంటుంది, సౌండ్ డెస్క్ అదే. దానికి కాస్త పక్కన చూడు, సరిగ్గా వెనకైతే వాళ్ల తలలు అడ్డం. ఇవాళ నీ స్నేహితుడికి ఫోన్ చేసి మొన్న వాడి సీటు ఎక్కడో అడుగు, డెస్క్ చుట్టుపక్కలేనని నేను పందెం కాస్తా. ఈసారి మూడు టికెట్లు తీసుకో. నాది మాత్రం అంచు సీటు ఉండాలి, మోకాళ్లు మునుపటిలా లేవు.

మీ మావయ్య