సెప్టెంబరు 1 దాటితే అప్పీలు లేదు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. నాన్న కష్టపడి పెట్టిన రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్‌ను నేను నడుపుతున్నాను. 140 మంది ఆడవాళ్లు రొయ్యలు ఒలిచి బతుకుతున్నారు. మార్చి 12న నేను చెన్నైలో ఉండగా కాలుష్య నియంత్రణ మండలి అధికారులు వచ్చి వ్యర్థజలాల శాంపిల్ తీసుకున్నారు. మా సూపర్‌వైజర్ ఏదో కాగితంపై సంతకం పెట్టాడు. ఏప్రిల్‌లో షోకాజ్ నోటీసు వస్తే ఫోనులో మాట్లాడి ఊరుకున్నాను. జూన్ 3న 33ఎ సెక్షన్ కింద మూసివేత ఉత్తర్వు నా చేతికిచ్చి కరెంటు తీసేశారు. జూన్ 28న నాన్న ఆసుపత్రిలో పోయారు. జూలై అంతా నాయకుల చుట్టూ తిరిగాను. పక్క చెరువు ఆసామి కక్షతోనే ఈ ఫిర్యాదు చేశాడు. ఈటీపీ (వ్యర్థజలాల శుద్ధి కేంద్రం) లాగ్ బుక్ కొత్తగా రాయించి, రాత్రిళ్లు జనరేటర్‌పై యూనిట్ నడుపుకొమ్మని ఒక కన్సల్టెంటు అంటున్నారు. మాకు న్యాయం జరుగుతుందా?
– ఒక పాఠకుడు (ఆగస్టు 9)

సలహా: ఫిర్యాదు ఎవరు చేశారు, ఎందుకు చేశారు అన్నది పక్కన పెట్టండి. కక్షతో చేసిన ఫిర్యాదైనా శాంపిల్‌లో మురికి ఉంటే ఉన్నట్టే. మీ కేసును తేల్చేది జూన్ 3 అన్న తేదీ.

నీటి కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం, 1974లోని 33ఎ కింద ఇచ్చిన ఉత్తర్వుపై అప్పీలు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. మనకు చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనం. ఉత్తర్వు అందిన నాటి నుంచి గడువు 30 రోజులు. అది జూలై 3తో ముగిసింది. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు ఆలస్యాన్ని మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. ఆ తర్వాత ఒక్క రోజును కూడా మన్నించలేదు. లెక్క వేస్తే చివరి తేదీ సెప్టెంబరు 1. మీరు ఉత్తరం రాసిన రోజు నుంచి 23 రోజులు. చివరి రోజు సెలవైతే మర్నాడు వేయవచ్చన్న వెసులుబాటును ఈ అదనపు గడువులో నమ్ముకోకండి. ఆగస్టు 20 లోపే దాఖలు చేయించండి. హైకోర్టులో రిట్ వేద్దామని ఎవరైనా అంటే, చట్టం చూపిన అప్పీలు ఉండగా ఇక్కడికెందుకు వచ్చారని అడుగుతారు. ఆ జవాబు వచ్చేలోగా మీ సెప్టెంబరు 1 దాటిపోతుంది.

మీ తండ్రిగారి విషయం ఇక్కడే పనికొస్తుంది. ఆయన ఆసుపత్రిలో చేరిన కాగితాలు, బిల్లులు, మరణ ధ్రువీకరణ పత్రం ఆలస్యం మన్నింపు దరఖాస్తుకు జత చేయండి. అవి జూన్‌కు, కర్మకాండల రోజులకు సమాధానం చెబుతాయి. మిగతా జూలైకి మీ దగ్గర ఏముంది? నాయకుల ఇళ్ల ముందు నిలబడ్డానంటే తగిన కారణం కాదు. మండలికి ఆ నెలలో రాతపూర్వకంగా ఏమైనా ఇచ్చి ఉంటే, దాని రసీదు వెతకండి. షోకాజ్ నోటీసుకు ఫోనులో జవాబు చెప్పడం క్షమించరాని నిర్లక్ష్యం. ఆ రోజు ఒక్క పేజీ రాసి రసీదు తీసుకుని ఉంటే, శాంపిల్‌పై మీ అభ్యంతరం ఇవాళ రికార్డులో ఉండేది.

ఆ శాంపిలే మీకున్న అసలు బలం. 21వ సెక్షన్ ప్రకారం, విశ్లేషణకు పంపుతున్నామని అధికారి అక్కడికక్కడే నోటీసు ఇవ్వాలి. మీ ఎదుటో మీ ప్రతినిధి ఎదుటో శాంపిల్‌ను రెండు భాగాలు చేసి, రెండింటికీ సీలు వేసి, ఇద్దరూ సంతకం చేయాలి. మీరు కోరితే రెండో భాగాన్ని ప్రభుత్వం నిర్దేశించిన ప్రయోగశాలకు పంపాలి. ఈ పద్ధతి పాటించకపోతే ఆ ఫలితం సాక్ష్యంగా చెల్లదని చట్టమే చెబుతోంది. అయితే రెండు భాగాలు చేయమని మీవాళ్లు అడగకపోతే ఒకే సీసాలో పంపడానికి కూడా అదే సెక్షన్ వీలిస్తోంది. కాబట్టి సూపర్‌వైజర్ దేనిపై సంతకం పెట్టాడన్నదే కీలకం. అతన్ని కూర్చోబెట్టి, ఎవరు వచ్చారు, నీరు ఎక్కడ పట్టారు, ఎన్ని సీసాలు, నోటీసు ఇచ్చారా అని అడిగి, అతను చెప్పినదే అఫిడవిట్‌గా రాయించండి. మీకు కావలసినది అతనితో చెప్పించకండి.

విశ్లేషణ నివేదిక ప్రతి మీకు పంపాలని 22వ సెక్షన్ చెబుతోంది. రాకపోతే నెల్లూరు ప్రాంతీయ కార్యాలయంలో రేపే రాతపూర్వకంగా అడగండి. సమాచార హక్కు దరఖాస్తు కూడా వేయండి గానీ, జవాబుకు 30 రోజులు పట్టవచ్చు కనుక దానికోసం అప్పీలు ఆపవద్దు. నివేదిక వచ్చాక ఏ పరిమితితో పోల్చారో చూడండి. సాధారణ ప్రమాణాల్లో కాలువలోకి వదిలే నీటికి బీఓడీ (నీటిలోని సేంద్రియ మురికిని సూచించే కొలత) లీటరుకు 30 మిల్లీగ్రాములు, సాగు భూమికి పెట్టే నీటికి 100. మీ సీఎఫ్ఓలో (యూనిట్ నడపడానికి మండలి ఇచ్చే అనుమతిలో) ఏది రాసి ఉందో, అసలు ఆ సీఎఫ్ఓ గడువు మిగిలి ఉందో లేదో మీరు ఉత్తరంలో చెప్పలేదు. గడువు తీరి ఉంటే రెన్యువల్‌కు వెంటనే దరఖాస్తు పెట్టండి.

శాంపిల్ లోపం ఒక్కటే గెలిపిస్తుందని అనుకోకండి. ట్రిబ్యునల్ సాక్ష్య చట్టానికి కట్టుబడి ఉండనక్కర్లేదు. కమిటీని పంపి మళ్లీ శాంపిల్ తీయించగలదు. ఆ రోజు ఈటీపీ పనిచేసి తీరాలి. మరమ్మతు బిల్లులు, ఫొటోలు తేదీలతో ఉంచండి.

ఇక కన్సల్టెంటు సలహా. లాగ్ బుక్ జోలికి వెళ్లవద్దు! ఒకే చేతిరాతలో, ఒకే సిరాతో ఆరు నెలల ఎంట్రీలు రాస్తే, వాటి పక్కన కరెంటు బిల్లులు పెట్టగానే అబద్ధం బయటపడుతుంది. పర్యావరణ తగాదా కాస్తా దొంగ సాక్ష్యం సృష్టించిన క్రిమినల్ కేసు అవుతుంది. జనరేటర్‌పై నడపడం అంతకన్నా ప్రమాదం. ఉత్తర్వును ధిక్కరించడం విడి ఉల్లంఘన. పర్యావరణ పరిహారాన్ని లెక్కగట్టే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సూత్రంలో ఉల్లంఘన జరిగిన రోజుల సంఖ్య ఒక గుణకం, రోజుకు కనీసం రూ.5,000. రాత్రి నడిపిన ప్రతి రోజూ ఆ లెక్కలోకి చేరుతుంది. డీజిల్ బిల్లులే మీపై సాక్ష్యం.

140 మంది ఉపాధి ఉత్తర్వును రద్దు చేయించే కారణం కాదు గానీ, మధ్యంతర స్టే అడిగేటప్పుడు చెప్పదగిన మాటే. హాజరు, పీఎఫ్ రికార్డులతో చెప్పండి. వాళ్లకు ఇవ్వాల్సిన కూలి బకాయి ఉంటే ముందు అది చెల్లించండి.

చివరిగా, మీరు అడగని విషయం. మీ కోల్డ్ స్టోరేజీ అమోనియాతో నడిచేదైతే, కరెంటు లేకుండా, చూసే మనిషి లేకుండా ఇన్నాళ్లు వదిలేయడం చుట్టుపక్కల ఇళ్లకు ప్రమాదం. శిక్షణ ఉన్న ఆపరేటర్‌ను వెంటనే కాపలా పెట్టి, వ్యవస్థను తనిఖీ చేయించండి. ఉత్పత్తి చేయబోమని హామీ ఇస్తూ, భద్రతకు, సరుకు నిల్వకు మాత్రమే పరిమిత విద్యుత్ ఇప్పించమని మండలికి ఈ వారమే అర్జీ పెట్టండి. దాని ప్రతిని ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కూ ఇచ్చి, రెండు రసీదులూ అప్పీలు ఫైలులో చేర్చండి.