సీనియర్‌తో ప్రేమలో ఉంటే పార్ట్‌నర్ అయ్యే అవకాశం పోతుందా?

ఒకే లా ఫర్మ్‌లో ఉన్న సీనియర్‌ని ప్రేమిస్తున్నాను, పార్ట్‌నర్ (అంటే ఫర్మ్ యజమానుల్లో ఒకరు) ప్రమోషన్‌కి దెబ్బ తగులుతుందా అని అడిగారు. మీ టైమ్‌షీట్ చూసేది ఆయనే అయితే తగులుతుంది. నాకు తగిలింది.

నేను చేరిన రెండో ఏడాది మా టీమ్ సీనియర్, నేనూ దగ్గరయ్యాం. మేం చెప్పకపోతే ఎవరికీ తెలియదనుకున్నాం, అదో అమాయకత్వం. మన పనిలో ప్రతి 6 నిమిషాలకీ లెక్క రాయాలి కదా, బిల్లు వెళ్ళేముందు సీనియర్ చూసి ఎక్కువనిపించిన గంటలు కోసేస్తాడు. ఒకసారి నా పక్క సీటు అబ్బాయి రాసిన 3.5 గంటల రీసెర్చ్‌ని 2 చేశాడు, నాది ముట్టుకోలేదు. నా గంటలకి క్లయింట్ ముందే ఒప్పుకున్నాడు, మెయిల్ కూడా ఉంది. ఆ మెయిల్ ఎవరు చూస్తారు? ఆ తర్వాత నాకు ఏ మంచి కేసొచ్చినా క్యాంటీన్‌లో అదే గుసగుస.

చివరికి మేమే హెచ్ఆర్‌కి చెప్పాం. టీమ్ మార్చారు, ఎవర్నంటారా, నన్నే. క్లయింట్లు ఆయన చేతిలో ఉన్నారు మరి. కొత్త పార్ట్‌నర్ మంచావిడే, కానీ ఆవిడకి అలవాటైన జూనియర్లు ఆవిడకున్నారు, వాళ్ళకి పోగా మిగిలిందే నాకు. దాంతో గంటలు తగ్గాయి, రివ్యూ పడిపోయింది, నా తరఫున గట్టిగా మాట్లాడే పార్ట్‌నర్ లేకపోయేసరికి కొత్త పార్ట్‌నర్ల కోసం పార్ట్‌నర్లు వేసే ఓటింగ్ దాకా నా పేరే వెళ్ళలేదు. ఆయన మాత్రం అనుకున్న ఏడాదికే పార్ట్‌నర్ అయ్యాడు. నేను రెండేళ్ళు చూసి ఫర్మ్ మారాను.

ఈ మాటొస్తే అందరూ ఒబామా దంపతుల్ని చూపిస్తారు. 1989లో షికాగోలోని సిడ్లీ ఆస్టిన్‌లో మిషెల్ అసోసియేట్ (పార్ట్‌నర్ కాని, జీతానికి పనిచేసే లాయర్), బరాక్ వేసవి పనికొచ్చిన లా విద్యార్థి, ఆయనకి పని నేర్పే బాధ్యత ఆవిడదే. బాగుండదని ఆవిడ మొదట్లో వద్దంది కూడా. అయితే వేసవి అవగానే ఆయన కాలేజీకి వెళ్ళిపోయాడు. మీ ఇద్దరికీ రేపు కూడా అదే ఆఫీసు.

కాబట్టి ఇంకెవరో చెప్పకముందే మీరే చెప్పండి. మీ రివ్యూలో, పని పంచడంలో ఆయన జోక్యం ఉండదని మెయిల్‌లో రాయించుకోండి. టీమ్ మారక తప్పకపోతే ఆయన్ని మారమనండి, ఆ మాట హెచ్ఆర్ కంటే ముందు ఆయనతోనే అని చూడండి. నేను అడిగినప్పుడు మా ఆయన (అవును, పెళ్ళి చేసుకున్నాం) చాలాసేపు ఫోన్ చూస్తూ కూర్చున్నాడు.