రాతిపువ్వు దగ్గర మొదలుపెట్టు

నల్లకుంట, హైదరాబాద్

తల్లీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. "జీవి అంటే కదిలేది, తినేది, ఊపిరి పీల్చేది, పెరిగేది, పిల్లల్ని కనేది" అని మొదటి పేరాలోనే తేల్చేశావు. బడిలో మాకూ అలాగే చెప్పారు. కానీ చదివేవాళ్లకు ఆలోచించడానికి ఇక ఏం మిగిలింది? కంచర గాడిదకు మామూలుగా పిల్లలు పుట్టవు, అయినా అది జీవే. పటికబెల్లం గడ్డ పాకంలో దారం చుట్టూ పెరుగుతూ పోతుంది, కానీ అది జీవి కాదు. చక్కెర వచ్చి దాని పైన అతుక్కుంటుందంతే. తిన్న ముద్దను తన ఒళ్లుగా మార్చుకోవడం దానికి చేతకాదు. ఆ మార్చుకోవడం దగ్గర ఆగి నాలుగు వాక్యాలు రాయి.

ఒక పని చెయ్యి. బేగంబజార్‌ వెళ్లి కాస్త రాతిపువ్వు కొను. బిర్యానీ మసాలాలో వేస్తారే, ఎండి ముడుచుకుపోయిన ఆకు ముక్కల్లా ఉంటుంది, పాతబస్తీలో పత్థర్ కా ఫూల్ అంటారు. అది పువ్వు కాదు. రాళ్ల మీదే కాదు, చెట్ల బెరడు మీదా పెరుగుతుంది. అది లైకెన్. అందులో బూజు, పుట్టగొడుగుల కోవకు చెందిన ఒక శిలీంధ్రం, నాచులాంటి ఒక శైవలం కలిసి కాపురం చేస్తున్నాయి. శైవలం ఎండతో ఆహారం వండుతుంది, శిలీంధ్రం దానికి ఇల్లవుతుంది. 1867లో సైమన్ ష్వెండెనర్ అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ఈ మాట చెబితే, లైకెన్ల మీదే బతుకంతా పనిచేసినవాళ్లు కూడా ఒప్పుకోలేదు. మరి పొట్లంలో ఉన్నది ఒక జీవా, రెండా? నీ వ్యాసం ఈ ప్రశ్నతో మొదలవ్వాలని నా కోరిక. పార్మోట్రీమా పెర్లేటం అని దానికి శాస్త్రీయ నామం చెబుతారు. నియమం ప్రకారం ఆ పేరు శిలీంధ్రానిదే. లోపలున్న శైవలానికి వేరే పేరు ఉంటుంది.

పేర్ల గురించి మరీ పొడిగా రాశావు. మనం ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత రాసుకుంటాం కదా. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ మొక్కలన్నిటికీ వాడిన పద్ధతీ అలాంటిదే, ముందు ప్రజాతి, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు పేరు, తర్వాత జాతి. సీతాఫలం అనోనా స్క్వామోసా, రామాఫలం అనోనా రెటిక్యులాటా. ఇంటిపేరు ఒక్కటే. స్క్వామోసా అంటే పొలుసులున్నది, రెటిక్యులాటా అంటే వలలాంటి గీతలున్నది. బాలానగర్ సీతాఫలాలు బండ్ల మీదికి వచ్చినప్పుడు ఒకటి చేతిలోకి తీసుకుని తడిమి చూడు, ఆ పేరు ఎందుకొచ్చిందో నీ వేళ్లకే తెలుస్తుంది. రెండు చెట్లూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. వాటికి సీతారాముల పేర్లు పెట్టుకుని మనవాళ్లు సొంతం చేసుకున్నారు. నాకైతే ఈ ముచ్చట ఎంతో ఇష్టం. లాటిన్ పేరు రాశానని తెలుగు పేరు వదిలేయకు, రెండూ ఉండనీ.

ఇంగ్లీషులోలా ప్రజాతికి పెద్ద అక్షరం పెట్టే వీలు మన లిపిలో లేదు. అందుకే ఏది ఇంటిపేరో ఒకసారి విడమరిచి చెప్పు.

డెడ్‌లైన్ టెన్షన్ పెట్టుకోకు. శనివారం వచ్చేటప్పుడు రాతిపువ్వు పొట్లం పట్టుకురా. నా దగ్గర భూతద్దం ఉంది, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ బాబాయ్