పక్క సందులో తట్టు వచ్చింది, మా పాపకు ఏడు నెలలే, బాబుకు మూడేళ్లు. ఎలా కాపాడుకోవాలి?

ముందు మీ మూడేళ్ల బాబు టీకా కార్డు బయటికి తీయండి. పాప సంగతి తర్వాత. ఏడు నెలల పిల్ల తనంతట తాను ఎక్కడికీ వెళ్లదు కదా. తట్టు ఇంట్లోకి వచ్చిందంటే చాలావరకు బడికీ ఆటకీ వెళ్లొచ్చే పెద్దపిల్లాడి వెంటే వస్తుంది.

మీరు రాసినదాన్ని బట్టి నాకర్థమైంది ఇది: పక్క సందులో ఇద్దరు పిల్లలకు తట్టు తేలింది, పాపకు తొమ్మిది నెలలు నిండలేదు కాబట్టి ఆ టీకా ఇంకా పడలేదు, అత్తయ్యగారేమో అమ్మవారు తిరిగే రోజుల్లో సూదులు వేయించొద్దు అంటున్నారు. 2022 చివర్లో మాదీ ఇదే టెన్షన్. అప్పుడు ముంబైలో దేవనార్ వైపు ఉండేవాళ్లం. పక్కనున్న గోవండీలో తట్టు విపరీతంగా పాకింది, పిల్లలు చనిపోయారు కూడా. మా చిన్నాడికి అప్పటికి ఆరు నెలలు దాటాయి, పెద్దది ప్లేస్కూల్‌కు వెళ్తోంది. నేను డాక్టర్ని కాదు. మా పిల్లల డాక్టరు చెప్పినవి, నేను అడిగి తెలుసుకున్నవి రాస్తున్నాను, మీ డాక్టర్ని అడిగే చేయండి.

బాబు కార్డులో ఎం.ఆర్. (తట్టు, రుబెల్లా రెండింటికీ కలిపి వేసే టీకా) అని రెండు గడులుంటాయి. ప్రభుత్వ షెడ్యూల్ ప్రకారం మొదటిది 9 నెలలు నిండాక ఏడాది లోపు, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య. ప్రైవేటులో వేయిస్తుంటే ఎం.ఎం.ఆర్. (ఇందులో గవదబిళ్లల టీకా కూడా కలిసి ఉంటుంది) అని 9 నెలలకు, 15 నెలలకు, మళ్లీ నాలుగైదేళ్లకు ఉంటుంది. మొదటిది అందరూ గుర్తుపెట్టుకుని వేయిస్తారు. రెండో దాని సమయానికి పిల్లాడు నడుస్తుంటాడు, తల్లి మళ్లీ ఉద్యోగంలో చేరుతుంది, జలుబు ఉందని ఒకసారి, ఊరెళ్లామని ఇంకోసారి వాయిదా పడుతుంది. ఆ గడి ఖాళీగా ఉంటే వెంటనే వేయించండి. మామూలు జలుబు, కొద్దిపాటి దగ్గు టీకాకు అడ్డు కాదు. ఐదేళ్ల లోపు ఎప్పుడైనా ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగా వేస్తారు.

ఇక పాప విషయం. పుట్టినప్పుడు తల్లి నుంచి వచ్చిన రక్షణ కొన్ని నెలలు ఉంటుంది. అది ఉన్నంతకాలం టీకా సరిగ్గా పట్టదు, అందుకే తొమ్మిదో నెల దాకా ఆగుతారు. కానీ చాలామంది పిల్లల్లో ఆ రక్షణ అంతకుముందే పలచబడుతుంది. వ్యాధి ప్రబలినచోట ఆ ఖాళీలోనే ప్రమాదం. 2022 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఇందుకోసమే రాష్ట్రాలకు ఒక సూచన ఇచ్చింది. కేసులు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో 9 నెలల నుంచి 5 ఏళ్ల పిల్లలందరికీ అదనంగా ఒక డోసు వేయాలని, మొత్తం కేసుల్లో 9 నెలల లోపు పిల్లలు 10 శాతం దాటితే 6 నెలలు నిండిన వాళ్లకు కూడా ఒక డోసు వేయాలని. మా చిన్నాడికి ఆ డోసు పడింది. కుడి భుజం మీద చిన్న సూది, ఒక నిమిషం ఏడుపు, అంతే. కార్డులో నర్సు దాన్ని మొదటి గడిలో రాయకుండా పక్కన ఖాళీలో తేదీ వేసి, ‘ఇది లెక్కలోకి రాదు, తొమ్మిదో నెలలో మళ్లీ తీసుకురావాలి’ అని రెండుసార్లు చెప్పింది. మీకూ అదే చెబుతున్నా. ఇప్పుడు పాపకు డోసు వేసినా తొమ్మిదో నెల డోసు, ఏడాదిన్నర డోసు రెండూ మామూలుగా వేయించాల్సిందే. ఇప్పటి డోసుకూ తొమ్మిదో నెల డోసుకూ మధ్య కనీసం నాలుగు వారాలు ఉండాలి. మీ ప్రాంతంలో ఆరు నెలల పిల్లలకు వేస్తున్నారా లేదా అన్నది మీ ఏఎన్ఎం (టీకాలు వేసే ప్రభుత్వ నర్సు) చెబుతుంది. వాళ్లు వేయకపోతే పిల్లల డాక్టర్ని అడగండి.

ఇది ఎందుకింత తొందర అంటున్నానంటే, తట్టుకు గడియారం ఉంది. ఆ రెండు ఇళ్ల పిల్లలతో మీ పిల్లలు ఈ మధ్య ఒకే గదిలో గడిపారా? రక్షణ లేని పిల్ల తట్టు ఉన్న బిడ్డ దగ్గరికి వెళ్లిన 72 గంటల్లోపు టీకా పడితే జబ్బు రాకుండా ఆపే అవకాశం ఉంది, వచ్చినా తేలిగ్గా పోవచ్చు. ఆ సమయం దాటితే ఆరు రోజుల లోపు ఇమ్యూనోగ్లోబులిన్ అనే ఇంజెక్షన్ ఉంది, అంటే జబ్బుతో పోరాడే యాంటీబాడీలను నేరుగా ఎక్కించడం. ఆరు నెలలు నిండని పసికందులకు టీకా వేయరు కాబట్టి వాళ్లకు ఉన్నదదే. అది అన్నిచోట్లా దొరకదు, పెద్దాసుపత్రికి వెళ్లాల్సి రావచ్చు, కాబట్టి కలిసిన రోజే డాక్టరుకు ఫోన్ చేయాలి. ‘ఒంటి మీద ఏమైనా వస్తుందేమో చూద్దాం’ అని కూర్చుంటే ఈ రెండు దారులూ మూసుకుపోతాయి, ఎందుకంటే దద్దుర్లు కనబడేసరికి సుమారు రెండు వారాలు పడుతుంది.

పాపను ఇంట్లోనే దాచిపెట్టి ఉంచడం ఎంతవరకు పనిచేస్తుంది అంటే, కొంతవరకే. తట్టు గాలిలో ఉంటుంది. రోగి గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ గాలి పీల్చినవాళ్లకు అంటవచ్చు. రక్షణ లేని వాళ్లు పదిమంది దగ్గరగా మసిలితే తొమ్మిది మందికి వస్తుంది. పైగా దద్దుర్లు రావడానికి నాలుగు రోజుల ముందు నుంచే అంటిస్తారు, అప్పుడు చూసేవాళ్లకు అది వట్టి జలుబు, దగ్గు, ఎర్రటి కళ్లు. అయినా మేం పెళ్లిళ్లు, మాల్, పక్కింటి పుట్టినరోజు మానేశాం. పెద్దదాన్ని కొన్నాళ్లు ప్లేస్కూల్ మాన్పించాం. పాపను ముద్దు చేయడానికి వచ్చేవాళ్లలో జ్వరం, జలుబు ఉన్నవాళ్లను గుమ్మంలోనే ఆపండి, మొహమాటపడితే కుదరదు. చేతులు కడగమనడం మంచిదే, కానీ దీనికి అసలు సాధనం అది కాదు.

నాకు అన్నిటికన్నా భయం వేసింది క్లినిక్ హాల్లో. పెద్దదానికి జ్వరం వస్తే తీసుకెళ్లాను. ఏసీ గది, తలుపు మూసి ఉంది, కుర్చీల్లో అరడజను మంది పిల్లలు. ఎదురుగా తల్లి ఒళ్లో ఒక బాబు, వెలుతురు చూడలేక కొంగులో మొహం దాచుకుంటున్నాడు, ముక్కు కారుతోంది, చెవుల వెనక ఎర్రగా ఉంది. నేను బయటికొచ్చి మెట్ల మీద నిలబడి రిసెప్షన్‌కు ఫోన్ చేశాను. వాళ్లు ఆ బాబును వేరే గదిలోకి పంపారు, మమ్మల్ని చివర్లో పిలిచారు. డాక్టరు టార్చి వేసి మా పెద్దదాని బుగ్గ లోపల చూశారు. తట్టయితే దద్దుర్లకు ముందే దవడ పళ్లకు ఎదురుగా ఉప్పురవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలుంటాయట. మా అదృష్టం, లేవు. మీరు మాత్రం ముందు ఫోన్ చేసి ‘తట్టు అనుమానం’ అని చెప్పే వెళ్లండి. అనుమానం మీ పిల్లల మీదైనా సరే, ఆ హాల్లో ఇంకొకరి నెలల బిడ్డ ఉంటుంది.

అత్తయ్యగారి గురించి. మా అత్తయ్యా అంతే. గుమ్మానికి వేపమండలు కట్టారు, ఇంట్లో పోపు పెట్టొద్దన్నారు. వేపాకుల దగ్గర నేను గొడవ పడలేదు, వాటితో నష్టం లేదు, ఇంకా చెప్పాలంటే ఆ మండలు చూసి ఊళ్లో అయితే బయటివాళ్లు లోపలికి రారు, అదీ మంచిదే. గట్టిగా పట్టుబట్టింది వేరే వాటి మీద. బిడ్డకు తట్టు వస్తే పాలు, అన్నం తగ్గించడం కుదరదు, అప్పుడే ఎక్కువ కావాలి. కళ్లలో ఆకు పసరు, చనుబాలు వేయకూడదు. ‘అమ్మవారు తనే దిగిపోతుంది, ఆసుపత్రికి వెళ్తే కోపం’ అంటే ఒప్పుకోకూడదు. మనవడి కోసమే కదా అని మా మామయ్యగారి చేత చెప్పిస్తే మెత్తబడ్డారు. మీ ఇంట్లో ఆమె మాట ఎవరి దగ్గర తగ్గుతుందో మీకే తెలుసు.

ఎందుకంటే తట్టులో ప్రాణం తీసేది దద్దుర్లు కాదు, ఆ వెనకాల వచ్చే న్యుమోనియా, విరేచనాలు, అరుదుగా మెదడువాపు. తగ్గిన తర్వాత కూడా కొన్ని నెలలు ఒంట్లో రోగనిరోధక శక్తి దెబ్బతిని ఉంటుంది. వేగంగా ఊపిరి తీయడం, డొక్కలు ఎగరడం, పాలు తాగకపోవడం, మగతగా పడి ఉండడం, ఫిట్స్, వీటిలో ఏది కనబడినా, రాత్రయినా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. తట్టు తేలిన పిల్లలకు విటమిన్ ఎ ఒక రోజు తేడాతో రెండు డోసులు ఇస్తారు, కళ్లు పోకుండా, ప్రాణం మీదికి రాకుండా కాపాడుతుంది. అది డాక్టరు వయసును బట్టి కొలిచి ఇచ్చేది. ముందుజాగ్రత్త అని ఇంట్లో తాగించేది కాదు. 2025లో టెక్సాస్‌లో తట్టు ప్రబలినప్పుడు విటమిన్ ఎ ఎక్కువై కాలేయం దెబ్బతిన్న లక్షణాలతో పిల్లలు ఆసుపత్రికి వచ్చారు. జ్వరానికి పారాసిటమాల్ బరువును బట్టి ఇవ్వొచ్చు. ఆస్పిరిన్ వద్దు.

పెద్దవాళ్లు కూడా చూసుకోవాలి. మన దేశంలో తట్టు టీకా ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చింది 1985లో, రెండో డోసు 2010లో. కాబట్టి ఇప్పుడు తల్లిదండ్రులైన మన తరంలో చాలామందికి పడింది ఒక్కటే. మీకూ మీవారికీ సంగతి తెలియకపోతే డాక్టర్ని అడిగి ఎం.ఎం.ఆర్. వేయించుకోవచ్చు, పాలిచ్చే తల్లికి ఇబ్బంది లేదు. గర్భిణికి మాత్రం వేయరు.

అమెరికా నుంచి పసిపిల్లలతో సెలవులకు వచ్చేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: అక్కడ మొదటి డోసు ఏడాది నిండాకే అయినా, 6 నుంచి 11 నెలల పిల్లలు విదేశాలకు వెళ్లేముందు ఒక డోసు వేయిస్తారు. టికెట్ కొనగానే పిల్లల డాక్టర్ని అడగండి. అదీ లెక్కలోకి రాదు.

టీకా వేయించిన వారం పది రోజులకు కొందరికి జ్వరం, పలచటి దద్దుర్లు రావచ్చు. మా చిన్నాడికి వచ్చాయి, రెండు రోజుల్లో పోయాయి. అది ఇతరులకు అంటదు, అత్తయ్యగారికి ముందే చెప్పి ఉంచండి.

ఇంకోటి, ఆ రెండు ఇళ్ల సంగతి మీ ఆశా కార్యకర్తకు తెలుసో లేదో కనుక్కోండి. చాలామంది చెప్పరు. తెలిస్తేనే వాళ్లొచ్చి రక్తం పరీక్షకు పంపుతారు, చుట్టుపక్కల ఇళ్లు తిరిగి టీకా పడని పిల్లల్ని చూస్తారు, ఆరు నెలల డోసు సంగతి కూడా అప్పుడే తేలుతుంది. మన దగ్గర ఎక్కువచోట్ల బుధ, శనివారాలు టీకాల రోజులు. ఈసారి వెళ్లేటప్పుడు రెండు కార్డులూ పట్టుకెళ్లండి.