గూగుల్ మొదటి పేజీకి 40 వేలా?

ప్రశ్న: మాది చీమకుర్తి. అమ్మాయి బీకాం పూర్తి చేసింది. డిజిటల్ మార్కెటింగ్ నేర్చుకుంటానని పట్టుబడుతోంది. ఒంగోలులో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 40 వేలు అడుగుతున్నారు. వ్యాసంలో కీవర్డ్ డెన్సిటీ 2 నుంచి 3 శాతం ఉంచితే గూగుల్ మొదటి పేజీ ఖాయమట, ఉద్యోగం గ్యారంటీ అట. మేమేమో ఎంబీఏ చేయించాలనుకుంటున్నాం. ఏది మంచిది?
- ఒక తండ్రి

జవాబు: అయ్యా, మీరడిగింది రెండు కోర్సుల గురించే గానీ, అసలు బెంగ వేరు. డబ్బు కట్టాక ఉద్యోగం రాకపోతే చుట్టాలకు ఏం చెప్పాలన్నదే కదా? డిగ్రీ అయిన పిల్ల ఓ ఏడాది ఆలోచించుకుంటే కొంపలేం మునగవు. ముందు స్థిమితపడండి.

ఇక ఆ శాతం సంగతి. జనం గూగుల్‌లో వెతికే మాటే కీవర్డ్. 500 మాటల పేజీలో ‘గ్రానైట్’ 10 సార్లు వస్తే డెన్సిటీ 2 శాతం. అంతే, ఇందులో రహస్యమేమీ లేదు. సెర్చ్ ఇంజన్ల తొలిరోజుల్లో దీనికి కొంత విలువుండేది. జనం దాన్ని పట్టుకుని వాక్యవాక్యానికీ అదే మాట కుక్కారు. 2011లో తన వెతికే పద్ధతిలో పాండా అనే మార్పు తెచ్చి గూగుల్ నాసిరకం పేజీలను కిందికి నెట్టింది. 2013లో హమ్మింగ్‌బర్డ్, 2019లో బెర్ట్ అనే మార్పులు వచ్చాక విడి మాటలకంటే వాక్యం అర్థానికి బలం పెరిగింది. మాటలు కుక్కడం ఇప్పుడు గూగుల్ స్పామ్ నిబంధనల కింద తప్పు. తెలుగులోనైతే ఈ లెక్క మరీ నవ్వులాట: ఒంగోలు, ఒంగోలులో, ఒంగోలుకు అంటే మామూలు లెక్కింపు టూలు మూడు వేర్వేరు మాటలనుకుంటుంది.

ఈ రంగం మీద నాకూ అనుమానాలున్నాయి. గూగుల్ ఇప్పుడు చాలా ప్రశ్నలకు ఏఐ జవాబును పైనే చూపిస్తోంది. చదివేవాడు సైటు తెరవకుండానే వెళ్లిపోవచ్చు. అందరికీ తెలిసిన విషయాన్ని అటూ ఇటూ తిప్పి రాసే పనికి ఇక మనిషెందుకు? ముందు దెబ్బ తినేది కొత్తగా చేరేవాళ్లేనని నా భయం.

నిలబడేది సరుకు తెలిసినవాళ్లు. ఆ విషయంలో మీ అమ్మాయి హైదరాబాద్ పిల్లలకంటే ముందుంది. మీ చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ కొనేవాడు ఏమడుగుతాడు? నల్లరాయిలో బంగారు చుక్కలు ఒత్తుగా ఉన్నాయా, పలక మందం 2 సెంటీమీటర్లా 3నా, పాలిష్ ఎలాంటిది? వీటికి తిన్నగా జవాబిచ్చే పేజీలో కావాల్సిన మాటలు వాటంతటవే పడతాయి. ఫీజు కట్టే ముందు తెలిసిన పాలిషింగ్ యూనిట్ ఒకదానికి అలాంటి పేజీ రాయమనండి. ఎస్‌ఈఓ, అంటే వెతికినప్పుడు పేజీ పైకి వచ్చేలా చూసుకునే పని మీద గూగుల్ వాళ్ల గైడ్ ఉచితమే. ఓనరు ఒప్పుకుంటే సైటుకు గూగుల్ వాళ్ల సెర్చ్ కన్సోల్ అనే టూలు కలిపి, జనం ఏ మాటలు కొట్టి వస్తున్నారో చూడమనండి. అదీ ఉచితమే.

ఎంబీఏ చెడ్డదేం కాదు, ఈ పనికి అడ్డమూ కాదు. కానీ మీ ఉత్తరంలో ఫీజు ఉంది, గ్యారంటీ ఉంది, ‘మేం అనుకుంటున్నాం’ ఉంది. అమ్మాయికి రాయడం ఇష్టమా, లెక్కలు ఇష్టమా అన్న ముక్క ఒక్కటీ లేదు. అడిగారా అసలు? అడక్కుండా ఏ కాలేజీలో చేర్చినా అది మీ ముచ్చటే.

ఇన్‌స్టిట్యూట్‌కు మరోసారి వెళ్లండి. ‘ఒంగోలులో డిజిటల్ మార్కెటింగ్ కోర్సు’ అని కొడితే వాళ్ల సొంత సైటు ఎక్కడొస్తుందో మీ ముందే చూపించమనండి. ఉద్యోగం గ్యారంటీని కాగితం మీద రాసిమ్మనండి. అమ్మాయిని వెంట తీసుకెళ్లి, ఆ మాటలు తననే అడగనివ్వండి.