మొగిలి ఘాటు దిగే ముందర

అమ్మీ,

నువ్వు పాత మారుతీ 800 కొన్నావని నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. 2006 బండంట, ముగ్గురి చేతులు మారిందంట, రోజూ చిత్తూరు నుంచి పలమనేరు బడికి దాంట్లోనే పోయొస్తావంట. "నువ్వైనా చెప్పురా దానికి, బస్సులో పోతే ఏమైతుంది" అనింది. సరే చెప్తాలే అన్నాను గానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. మన ఇంట్లో స్టీరింగు పట్టిన ఆడబిడ్డ నువ్వే మొదలు, అదీ నీ జీతం డబ్బుతో. ఆ సంతోషం ఒక పక్క, దారిలో కొండ మలుపుల మొగిలి ఘాటు ఒక పక్క. తెల్లారుజామున లేచి ఇది రాస్తా ఉండాను.

15 ఏళ్ళు దాటిన బండి కాబట్టి ఆర్సీ రెన్యువల్ అయిందో లేదో, ఇన్సూరెన్సు ఉండాదో లేదో చూసుకో. ఇంజనాయిలు, కూలెంటు పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడే చూడాల. బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లగా బూజు పడితే వేడినీళ్ళతో కడిగి వాజలీన్ పుయ్యి. ఇవి నీకు ఎవురైనా చెప్తారు.

పాత బండి అన్నాక దారిలో నిలబడుతుంది. దానికి బెదిరిపోవద్దు. నేను నడిపిన అంబాసిడరు ఎండాకాలంలో రోజు మార్చి రోజు నిలబడేది. పెట్రోలు పంపులోనే ఆవిరైపోయేది. పంపు మీద తడిగుడ్డ చుట్టి చింతచెట్టు కింద కాసేపు కూర్చుంటే మళ్ళీ కదిలేది. నీ బండికి పంపు ట్యాంకులోనే ఉంటుంది, ఆ బాధ లేదు. డిక్కీలో మాత్రం ఒక పాత సైకిలు ట్యూబు, కట్టుకంబి, బట్టల సబ్బు, పసుపు పొట్లం, స్పానర్లు, 5 లీటర్ల నీళ్ళ క్యాను ఎప్పుడూ పెట్టుకో. పెట్రోలు ట్యాంకు చుక్క చుక్కగా కారితే సబ్బు మెత్తగా పిసికి అదిమి పెట్టు, పెట్రోలుకు సబ్బు కరగదు. రేడియేటరుకు సూదిమొనంత బెజ్జం పడితే బండి చల్లారినాక ఒక చెంచా పసుపు వేస్తే మూసుకుంటుంది. ఇల్లు చేరేదాకా అంతే, తర్వాత కడిగించి మాట్లు వేయించాల. రేడియేటరు రబ్బరు హోసు చీలితే సైకిలు ట్యూబును పట్టీగా కోసి, బాగా సాగదీసి నాలుగు చుట్లు చుట్టు. చీలిక మీద నుంచి కాదు, రెండంగుళాలు ముందర నుంచి మొదలుపెట్టి, రెండు కొసలూ కంబితో బిగించు. ఇంజను వేడిని చూపించే సూది ఎర్రగీత దాకా పోతే బడికి ఆలస్యమైతుందని చూడొద్దు, అక్కడే ఆపేయ్. ఆ ఇంజను హెడ్డు అల్యూమినియం, ఒకసారి వంగిందంటే నీ రెండు నెలల జీతం మింగుతుంది. రేడియేటరు మూత మాత్రం వేడి మీద తిప్పొద్దు, మొహం కాలుతుంది. ఫ్యూజు పోతే అదే సైజు ఫ్యూజు వెయ్యి. కంబి ముక్క పెట్టినావంటే ఫ్యూజుకు బదులు వైరు కాలుతుంది.

ఘాటు ఎక్కేటప్పుడు బండి ఆగితే చక్రం కింద రాయి పెడతావు కదా. బండి కదిలినాక దిగి ఆ రాయి తీసి పక్కకు వెయ్యి. రాత్రిపూట టూవీలర్లో వచ్చేవాడు దాన్ని చూడలేడు.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మ ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉండాది కదా. చిన్నప్పుడు దాన్ని వేలితో తడిమి "ఇదేందిమా" అని అడిగేదానివి. ఎద్దు అడ్డమొస్తే మామ కారును గట్టుకు కొట్టినాడని చెప్పేది. ఆమెకు తెలిసింది అంతే. ఆ రోజు ఎద్దూ లేదు, ఏమీ లేదు.

1988, మామిడికాయల కాలం. నాకు 23 ఏళ్ళు. ఓనరు బండి నడుపుతా ఉండాను. వెనక ఎడమ చక్రం దగ్గర బ్రేకు సిలిండరు కారతా ఉంటే, లోపలి రబ్బర్ల కిట్టు వేయించమని ఓనరును అడిగినాను. కాయల సీజను కానీ అన్నాడు. బ్రేకు ఆయిలు తగ్గితే సబ్బునీళ్ళు పొయ్యి, దారికి చాలుతుందని షెడ్డులో పెద్ద డ్రైవర్లు చెప్తా ఉండేవాళ్ళు. పోసినాను. వారం రోజులు చిత్తూరు బజార్లో తిరిగినా పెడలు గట్టిగానే నిలబడింది. ఇంకేం, నాకు అంతా తెలుసు అనుకున్నాను.

పలమనేరులో పెద్దమ్మను చూసి మీ అమ్మా నేనూ వస్తా ఉండాము. ఆమె ముందు సీట్లో, ఒళ్ళో తాటిముంజల పొట్లం. ఘాటు మొదలు కాగానే పెట్రోలు మిగులుతుందని బండిని న్యూట్రల్లో వేసినాను. నాలుగు మలుపులు బ్రేకు మీదే దిగినాను. ఏదో కాలిన వాసన వచ్చింది. ఐదో మలుపులో పెడలు తడిపిన పిండి మాదిరి మెత్తబడింది. ఇంకోసారి తొక్కితే కాలు నేరుగా పలకకు తగిలింది. కాలి కింద ఏమీ లేదు అమ్మీ. మళ్ళీ మళ్ళీ తొక్కినాను. హ్యాండ్‌బ్రేకు లాగినాను. గేరు పళ్ళు పటపటమని అరుస్తా ఉంటే ఎట్లనో మూడో గేరు పడింది. వేగం రవంత తగ్గింది, ఎడమ పక్కన మట్టిగట్టుకు బండిని రాసేసినాను. ఆగినాక చూస్తే మీ అమ్మ మొహం మీద నెత్తురు. ముంజల పొట్లం ఇంకా రెండు చేతులతో పట్టుకునే ఉంది. "ఏమైందిరా" అంటే నా నోట్లో నుంచి ఎద్దు అనే మాట వచ్చేసింది.

గంట తర్వాత తొక్కి చూస్తే పెడలు మళ్ళీ రాయి మాదిరి ఉంది. బ్రేకు బాగానే ఉంది కదా, తప్పు నీదేనని ఓనరు నష్టమంతా నా జీతంలో పట్టుకున్నాడు. తర్వాత తెలిసింది. నీళ్ళు 100 డిగ్రీలకే మరుగుతాయి, దిగేటప్పుడు చక్రాల్లో బ్రేకు డ్రమ్ములు అంతకన్నా నిండా కాగుతాయి. పైపులో ఆవిరి చేరితే కాలి బలమంతా ఆవిరిని నొక్కేదానికే సరిపోతుంది, చక్రం దాకా పోదు. చల్లారితే మళ్ళీ నీళ్ళే. నీ బండిలో సబ్బునీళ్ళు ఎవురూ పొయ్యరు, నాకు తెలుసు. కానీ బ్రేకు ఆయిలు తనంతట తానే గాలిలో తేమను పీలుస్తుంది. కొత్త డాట్ 3 రకం బ్రేకు ఆయిలు 205 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, తేమ పట్టిందంటే 140కే మరుగుతుంది. నీకు ముందు ముగ్గురు నడిపినారే, వాళ్ళలో ఎవురు మార్చినారో, అసలు మార్చినారో లేదో?

అందుకే ఆ బండికి నువ్వు ఎన్ని నాటువైద్యాలు చేసుకున్నా నేనేమీ అనను. బ్రేకు జోలికి మాత్రం కంబి, సబ్బు, ట్యూబు ఏవీ పోకూడదు. కొత్త కిట్టు, కొత్త ఆయిలు, అంతే. డబ్బులు లేకపోతే నన్ను అడుగు, ఓనరును అడిగినట్లు అడగొద్దు, మామను అడిగినట్లు అడుగు. ఘాటులో ఏ గేరులో ఎక్కినావో ఆ గేరులోనే దిగు. ఇంజను అరుస్తుంది, అరవనీ.

ఆదివారం వరకూ పలమనేరుకు బస్సులో పో. ఆదివారం పొద్దున్నే బండిని మెల్లగా మా ఇంటికి తీసుకురా. నాలుగు చక్రాలూ విప్పి, పాత ఆయిలంతా తీసేసి కొత్తది పోద్దాం, బ్రేకు పైపుల్లో గాలి తీసేటప్పుడు పెడలు తొక్కేది నువ్వే. మీ అమ్మను కూడా పిలుచుకోని రా. ఎద్దు సంగతి ఆమెకు నేనే చెప్పాల.

నీ మామ