రాత్రంతా ఆ ఒక్క పాటే వింటున్నాడు

ప్రశ్న: మేడమ్, మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. మా ఆయన ఎనిమిది నెలల క్రితం గుండెపోటుతో పోయారు. 49 ఏళ్లు. మా అబ్బాయికి 20. హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడు వచ్చేసరికే అంతా అయిపోయింది. తలకొరివి వాడే పెట్టాడు. ఇప్పుడు ఇంటికొస్తే చాలు, లైటు తీసేసి అర్ధరాత్రి దాకా ఒకటే ఇంగ్లిష్ పాట వింటాడు. 'పెయింట్ ఇట్ బ్లాక్' అట. అంతా నల్లగా అయిపోవాలని దాని అర్థమట. వేసుకునేవీ నల్ల టీషర్టులే. చావు జరిగిన ఇంట్లో ఇలాంటివి అరిష్టమని మా ఆడపడుచు అంటోంది. ఫోన్ లాక్కుంటే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. "నా బాధ ఆ పాటకే తెలుసు" అన్నాడు. ముందురోజు రాత్రి వాళ్ల నాన్న ఫోన్ చేస్తే ఎత్తలేదని ఒక్కసారి అన్నాడు. మళ్లీ ఆ ఊసే ఎత్తలేదు. నాకు చాలా భయంగా ఉంది.

జవాబు: అమ్మా, ముందు ఆ పాటలో ఏముందో చెబుతాను. తెలిస్తే మీ భయం కొంత తగ్గుతుంది.

అది 1966లో వచ్చిన పాట. రోలింగ్ స్టోన్స్ అనే బ్రిటిష్ బృందానిది. రాసిన మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్ ఇద్దరికీ అప్పటికి 22 ఏళ్లు, దాదాపు మీ అబ్బాయి ఈడు. అందులో మొదటినుంచీ వినిపించే తీగల మోత మన సితార్‌దే. బృందంలోని బ్రయాన్ జోన్స్ వాయించాడు. పాట పాడేవాడికి ప్రాణమైన మనిషి పోయింది. నల్ల కార్లు బారులుగా వెళ్తున్నాయి, అంటే శవయాత్ర. ఎర్రగా ఉన్న తలుపు నల్లగా కావాలంటాడు. వేసవి బట్టల్లో అమ్మాయిలు వెళ్తుంటే చూడలేక తల తిప్పుకుంటాడు. నీకిలా జరుగుతుందని ముందే కనిపెట్టలేకపోయానని బాధపడతాడు.

దెయ్యం, చేతబడి, శాపం ఏవీ అందులో లేవు. మనిషి పోయాక లోకం మామూలుగానే నడిచిపోతుంటే తట్టుకోలేని ఒకడి గోడు అది.

మొన్నటి ఉగాదికి మీ గుమ్మానికి మామిడి తోరణం కట్టలేదు కదమ్మా? ఏడాది తిరిగేదాకా పండగ చెయ్యరు. ఊరంతా పచ్చగా ఉంటే మన గుమ్మం బోసిగా ఉండాలని మన పెద్దలు పెట్టిన పద్ధతి అది. ఆ ఎర్ర తలుపు నల్లబడాలని పాటలో అతను కోరుకోవడమూ అలాంటిదే. మన దగ్గర అది ఆచారంగా ఉంది, అక్కడ ఒక కుర్రాడు అరిచి అడుగుతున్నాడు. ఇక నల్ల టీషర్టుల గురించి. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు నల్లబట్టల్లో తిరిగేవాళ్లని చూస్తే మనకు భయం వేస్తుందా? బట్టల రంగు చూసి కంగారుపడకండి.

నా దగ్గరికి వచ్చినవాళ్లలో కొందరు ఈ పాట ప్రస్తావన తెచ్చారు. భార్య పోయిన ఒకాయన "ఆ తల తిప్పుకోవడం నాదే" అన్నారు. ఒకామెకు ఆ డ్రమ్ముల మోత మొదలవగానే గుండె దడ వస్తుందట, వెంటనే కట్టేస్తుంది. ఇంకో అబ్బాయికి అది పొద్దున పరుగెత్తేటప్పుడు ఊపు తెచ్చే పాట, అంతే. అమెరికాలో చాలామందికి ఈ పాట వింటే వియత్నాం యుద్ధం గుర్తొస్తుంది, పాటలో యుద్ధం మాట ఒక్కటీ లేకపోయినా. ఎవరి శోకం వాళ్లు అందులో పోసుకుంటారు. అందుకే మీ అబ్బాయి ఏం పోసుకుంటున్నాడో అతన్నే అడగాలి. నాకైతే ఆ ఎత్తని ఫోన్ కనిపిస్తోంది. ముందే కనిపెట్టలేకపోయానన్న చోట అతనికి ఆ రాత్రే వినపడుతూ ఉండొచ్చు.

ఇంకొకటి గుర్తు తెచ్చుకోండి. ఆ రోజు మీ ఇంట్లో ఆడవాళ్లందరూ రాగాలు తీసి ఏడ్చి ఉంటారు. ఆయన మంచితనం, ఆయన మాట, ఆయన నడక, అన్నీ చెప్పుకుని ఏడ్చి ఉంటారు. మీ అబ్బాయితో మాత్రం "మగపిల్లాడివి, నువ్వే అమ్మకి ధైర్యం చెప్పాలి" అని ఉంటారు. కుండ భుజాన పెట్టి నడిపించారు. రాగం తీసి ఏడ్చే వీలు అతనికి ఎవరిచ్చారు? ఇప్పుడు నాలుగు నిమిషాలైనా లేని ఆ పాటలో వేరే ఎవరో అతని బదులు ఏడుస్తున్నారు. అది కూడా లాక్కోకండి. ఫోన్ లాక్కున్నందుకు ఒక మాట చెప్పండి, "భయపడి చేశాను నాన్నా" అని.

అయితే మిమ్మల్ని నిశ్చింతగా ఉండమని చెప్పను. విన్నాక కాస్త తేలికపడి నిద్రపోతున్నాడా, ఇంకా కుంగిపోతున్నాడా అన్నది గమనించండి. కొందరికి ఒకే బాధను తిప్పి తిప్పి తలుచుకోవడం ఊబిలా తయారవుతుంది. తిండి మానేయడం, వారాల తరబడి నిద్ర లేకపోవడం, కాలేజీ ఎగ్గొట్టడం, స్నేహితులకు దూరమవడం, తన వస్తువులు ఇచ్చేయడం, "నేను లేకపోతేనే నయం" లాంటి మాటలు, మందు అలవాటు, వీటిలో ఏది కనిపించినా ఆగొద్దు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు, అలా పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుల మందు డబ్బాలుంటే తీసేయించి, వెంటనే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ వాళ్లు ఏ వేళైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. మీ కోసం కూడా చెయ్యొచ్చు.

అవునమ్మా, మీ కోసం కూడా. ఉత్తరమంతా బాబు గురించే రాశారు. మీ నిద్ర, మీ తిండి, మీ ఏడుపు గురించి ఒక్క ముక్క లేదు. అతను కూడా మీలాగే అమ్మ ముందు ఏడిస్తే అమ్మ తట్టుకోలేదని దాచుకుంటూ ఉండొచ్చు.

ఈసారి ఇంటికొచ్చినప్పుడు వెళ్లి పక్కన కూర్చోండి. లైటు వెయ్యకండి. "ఇయర్‌ఫోన్స్ తీసి పైకి పెట్టు, నేనూ వింటా" అనండి. అర్థం కాకపోతే ఒక్కో లైను తెలుగులో చెప్పమనండి, చెబుతూ ఉండగానే ఏదో ఒకచోట అతని గొంతు పట్టేస్తుంది. అప్పుడు "ఊరుకో" అనకండి. ఫోన్ సంగతి అతనంతట అతను ఎత్తితే "నీ తప్పేం లేదు" అని తొందరపడి తుడిచేయకండి, మొత్తం చెప్పనివ్వండి. ఆ తర్వాత, ఆ రాత్రి వాళ్ల నాన్న అతనికి ఎందుకు ఫోన్ చేశారో మీకు తెలిస్తే చెప్పండి. ఊరికే, తిన్నావా అని అడగడానికే అయ్యుంటే, అదే చెప్పండి.